రాతి మీది లెక్క, తెర మీది లెక్క

తుంగభద్ర ఒడ్డున ఆలంపూర్‌లో, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాల చెంత, శాసనాలున్నాయి. దానమిచ్చిన భూమి వివరం రాతి మీద చెక్కించి నలుగురూ చూసేచోట నిలపడం ఆనాటి ఆచారం. నిజాం కాలానికి భూమి లెక్క ఊరి లెక్కలు రాసే పట్వారీ దస్త్రాల కట్టలోకి చేరింది. 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉన్న ఆలంపూర్ తాలూకా తర్వాత మహబూబ్‌నగర్‌లో కలిసినా, రైతు మాత్రం పహాణీ (భూమి, సాగు వివరాల పత్రం) కోసం పట్వారీ గడపే తొక్కాడు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్-పట్వారీ పదవులను రద్దు చేసింది. 1998లో కార్డ్ పథకం రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌కెక్కించింది. 2011లో ప్రభుత్వ సేవల కోసం మీసేవ, 2020లో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాయి. పనిముట్టు మారిన ప్రతిసారీ వేగం పెరిగింది; కానీ అసలు మార్పు, లెక్క ఎవరి చేతిలో ఉందన్నదే.

శాసనాన్ని చదవగలిగినవారు ఎందరని, పట్వారీ కలం చేసిన అన్యాయాలు తక్కువా అని అడగవచ్చు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. రాయి దాతల మాటనే మోసింది, కౌలుదారు ఊసెత్తలేదు. పట్వారీ పెత్తనం పోవడం మేలే. అయితే పట్వారీ తప్పు రాస్తే నిలదీయడానికి ఊళ్లో ఒక మనిషి ఉండేవాడు. తెర మీద తప్పు పడితే ఎవరిని నిలదీయాలి? ధరణితో పాటు వచ్చిన 2020 భూహక్కుల చట్టం తీసేసిన అప్పీలు అంచెలను, దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతి చట్టం మళ్లీ తేవలసి వచ్చింది. సాంకేతికత లెక్కను భద్రపరచగలదు. దిద్దుబాటుకు దారి మాత్రం చట్టమే వేయాలి.