పాత మోటారు బండి: మీటర్ల పలక



వికారాబాదు, తాండూరు పట్టణములకు రైలు వచ్చిన చరిత్రము మనలో పెక్కండ్రకు తెలిసినదే. వాడీ నుండి సికింద్రాబాదు వఱకు 1874వ సంవత్సరమున తెఱవబడిన మార్గము ఈ రెండు పట్టణముల మీదుగనే పోవుచున్నది. మోటారు బండ్ల చరిత్రము మాత్ర మంత ప్రసిద్ధము గాదు. నిజాము రాష్ట్రపు రైల్వే శాఖ 1932 జూను నెలలో 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రహదారి ప్రయాణ వ్యవస్థను ప్రారంభించెను. ఆనాటి ఆల్బియను బస్సులలో 'దక్కన్ క్వీన్' అనునది బాగుచేయబడి, తరువాతి తరములవారు చూచుటకై హైదరాబాదున నిలుపబడినది. నిజాము వంశమువారి 1912 నాటి రోల్స్ రాయిస్ కారు చౌమహల్లా ప్రాసాదమున శోభిల్లుచున్నది. ఇవి యినుముతో వ్రాసిన చరిత్ర పత్రములు.

ఇట్టి పెద్ద బండ్లే కాక, పాత జీపులను, అంబాసిడరు కార్లను ముచ్చటపడి బాగుచేయించు వారు నేడు చిన్న పట్టణములందును గలరు. రేకు సాపు చేయింతురు; ఇంజను విప్పి కూర్పింతురు; అద్దము వలె మెఱయునట్లు రంగు వేయింతురు. అంతయు ముగిసి తాళము త్రిప్పిన నాడు, ముందు పలకలోని మీటర్లు మూగవోవును. పెట్రోలు ముల్లు కదలదు. దీపము మినుకుమినుకు మనును. అంతట పాత మీటరును పీకివేసి, క్రొత్తది బిగించుట యొక యాచారమైనది. చాలవఱకు ఇది నిర్దోషిని శిక్షించుటయే. ఈ దోషములలో పెక్కింటికి కారణము మీటరునందు లేదు. బండిని బాగుచేసిన తీరునందే కలదు. దీనిని గ్రహించుటకు ఆ పలక పుట్టుక కొంత తెలియవలెను.

డాష్‌బోర్డు అను పేరు మోటారుతో పుట్టినది గాదు. గుఱ్ఱపు బండిలో, గిట్టలు చిమ్ము బురద తోలువానిపై పడకుండ అడ్డముగా నిలిపిన చెక్కకు ఆ పేరు. మోటారు బండి ఆ చెక్కను వారసత్వముగా పొందినది. తొలినాళ్ళ బండ్లలో విద్యుత్తునకు పని స్వల్పము. కార్బైడుపై నీరు పడగా పుట్టెడి అసిటిలీను వాయువుతో దీపములు వెలుగుచుండెను. ఇంజనునకు కావలసిన నిప్పురవ్వను మాగ్నెటో యను యంత్రము పుట్టించుచుండెను. బండి కదలవలెనన్న ముందు నిలిచి హాండిలు త్రిప్పవలసినదే. 1912వ సంవత్సరమున అమెరికాలోని కాడిలాక్ బండికి చార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చెను. స్టార్టరునకు పెద్ద బ్యాటరీ కావలెను. బ్యాటరీని నింపుటకు డైనమో కావలెను. డైనమో నిలిచినప్పుడు విద్యుత్తు వెనుకకు పాఱకుండ ఆపుటకు కటౌటు కావలెను. ఈ రాకపోకలను తెలుపుటకు అమ్మీటరు కావలెను. ఇట్లు బురదకు అడ్డుపడిన చెక్క క్రమముగా జమాఖర్చుల పలక యైనది.

విద్యుత్తు పోవుటకొక త్రోవ, తిరిగి వచ్చుటకొక త్రోవ ఉండవలెను. రెండవ త్రోవకు వేఱుగా తీగెను వేయక, బండి యొక్క యినుప దేహమునే వాడుకొనిరి. దీనినే మన మెకానికులు 'ఎర్త్' అందురు. పేరు భూమియే గాని నేలతో దీనికి సంబంధము లేదు. బండి రబ్బరు చక్రములపై గదా నిలుచునది! దేహమే యిచ్చట భూమి.

బ్యాటరీ యొక్క ఏ కొనను దేహమునకు కట్టవలె నను విషయమున అన్ని కాలములందు ఒకే మర్యాద లేదు. 1930ల ఉత్తరార్ధము నుండి 1960ల వఱకు బ్రిటిష్ బండ్లలో పెక్కింటికి ధన ధ్రువమును దేహమునకు కట్టిరి. నేడు ఋణ ధ్రువమును కట్టుచున్నారు. పాత బండికి నేటి యలవాటున బ్యాటరీ కట్టినచో అమ్మీటరు ముల్లు ఎదురు దిక్కునకు పోవును. డైనమోకు ధ్రువమును మరల నేర్పవలసి వచ్చును. ట్రాన్సిస్టరు రేడియో యున్నచో కాలిపోవచ్చును. వోల్టుల సంగతియు నిట్టిదే. సీసపు బ్యాటరీలో గది యొక్కంటికి సుమారు 2 వోల్టులు. మూడు గదులైన 6, ఆఱు గదులైన 12. 6 వోల్టుల బల్బును 12 వోల్టుల బండిలో పెట్టిన క్షణములో మాడును. 12 వోల్టుల దానిని 6 వోల్టుల బండిలో పెట్టిన ఆముదపు దీపము వలె గ్రుడ్డిగా వెలుగును.

ఇక బాగుచేయుట వలన దోషమెట్లు కలుగునో చూతము. రంగు విద్యుత్తును పోనీయదు. మీటరు వెనుకనున్న బిగింపు పట్టీ క్రింద, టాంకి చెవుల క్రింద, డైనమో బిగించిన కమ్మి క్రింద ఒకనాడు వట్టి యినుము వట్టి యినుమును తాకుచుండెను. ఇప్పుడు నడుమ నందమైన రంగు పొర చేరినది. పోవు త్రోవ యున్నది. వచ్చు త్రోవ మూసికొనిపోయినది. అప్పుడు విద్యుత్తు దొంగదారి వెదకికొనును. సైడు లైటు వేసినప్పుడు ఇండికేటరు బల్బు కూడ మసకగా వెలుగుట, ఒక మీట నొక్కిన వేఱొక ముల్లు త్రుళ్ళిపడుట దీని లక్షణములు. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును గనుక, ఇంజను నుండి దేహమునకు అల్లిక పట్టీ యొకటి యుండవలెను. దానిని తిరిగి బిగించుట మఱచినచో స్టార్టరు యొక్క మహాప్రవాహము చోకు తీగె, యాక్సిలరేటరు తీగెల వెంబడి తిరిగివచ్చి, వానిని వేడెక్కించును. నేర మొకచోట, పొగ మఱియొకచోట!

దోషమును పట్టుటకు మన తర్కశాస్త్రము చెప్పిన అన్వయ వ్యతిరేకములే చాలును. ఏది యున్న కార్య ముండునో, ఏది లేకున్న కార్యము లేకుండునో, దానినే కారణమని నిర్ణయింపవలెను. ఒక ఉదాహరణము చెప్పెదను. క్రొత్తగా రంగు వేసిన యొక కారు వికారాబాదు నుండి ధారూరు మీదుగా తాండూరు పోవుచున్న దనుకొందము. పెట్రోలు ముల్లు పడిపోయినది. మొదటి ప్రశ్న: ఇది యొక్కటియేనా, వేడిని చూపు ముల్లు కూడ తప్పు చెప్పుచున్నదా? రెండును తప్పినచో రెంటికి ఉమ్మడియైన దానిని శంకింపవలెను. అది ఫ్యూజు కావచ్చును, పలక యొక్క ఎర్త్ కావచ్చును. 1960ల నాటి బ్రిటిష్ బండ్లలో మీటర్లకు నిలకడగా సుమారు 10 వోల్టుల నందించు చిన్న డబ్బా కూడ నుండును. ఆ డబ్బాకు ఎర్త్ తెగినచో రెండు ముండ్లును ఉన్నదానికంటె ఎక్కువ చూపును.

పెట్రోలు ముల్లొక్కటే తప్పినచో టాంకి వద్దకు పోవలెను. తాళము మూసి, టాంకిపైనున్న తీగెను విప్పి, దానిని గీకిన యినుమునకు గట్టిగా ముడివేసి, ఆ పిమ్మట లోపల కూర్చుండి క్షణకాలము మాత్రము తాళము త్రిప్పవలెను. పెట్రోలు ఆవిరి చెంత నిప్పురవ్వ ప్రాణాంతకము గావున ఈ క్రమము తప్పరాదు. ముల్లు ఒక కొనకు పోయినచో మీటరును, తీగెయు నిర్దోషములు. ఉష్ణముతో పనిచేయు మీటరు నిండినట్లు చూపును; అంతకు పూర్వపు అయస్కాంతపు మీటరు ఖాళీయైనట్లు చూపును. దిక్కేదైనను కదలికయే ప్రమాణము. అప్పుడు మిగిలినవి టాంకిలోని తేలుబుఱ్ఱ, టాంకి యొక్క ఎర్త్, ఈ రెండే. టాంకి నుండి దేహమునకు వేఱొక తీగె కట్టగా ముల్లు సరియైనచో దోషము రంగుదని తేలినది. ఇదియే పరిశేషము. చెవి క్రింద అణా బిళ్ళంత రంగు గీకిన చాలును, మీటరు కొననక్కఱలేదు.

చార్జింగు దీపము కథ కొంచెము వేఱు. దాని కొక ప్రక్క బ్యాటరీ, ఒక ప్రక్క డైనమో. రెంటి బలము సమానమైనప్పుడు అది యాఱును. తాళము త్రిప్పినంతనే వెలుగకున్న బల్బునో, తీగెనో చూడవలెను. బండి వేగమందుకొన్నను ఆఱకున్న బెల్టు వదులైనదేమో, డైనమో కమ్మి క్రింద రంగున్నదేమో చూడవలెను.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన శత్రువులు రెండు. మూసీ నది జన్మస్థానమైన అనంతగిరి కొండలలో వానకాలపు తేమ. తాండూరు నాపరాతి గనుల యొద్ద, పాలిషు కర్మాగారముల యొద్ద సన్నని రాతి దుమ్ము. తేమ కొనలకు పచ్చని చిలుము పట్టించును. దుమ్ము మీటల సందులలో చేరును. కావున కొనలను గీకి, బిగించి, పైన గ్రీజు పూయవలెను. మఱియొక హెచ్చరిక: మాటిమాటికి పోవుచున్న ఫ్యూజునకు బదులు సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితము చుట్టరాదు. ఫ్యూజు పోవుట దోషము గాదు, దోషమున్నదని చెప్పు వాక్కు. వాక్కును నొక్కివేసిన బండియే కాలును.

తీగెల రంగులును చరిత్రమే. బ్రిటిష్ పద్ధతిలో గోధుమవన్నె బ్యాటరీది, తెలుపు ఇగ్నిషనుది, ఆకుపచ్చ ఫ్యూజు దాటిన ఇగ్నిషనుది, నలుపు ఎర్తుది. మారిస్ ఆక్స్‌ఫర్డు సంతతిదై, 2014 వఱకు తయారైన అంబాసిడరునకు ఈ వంశాచారము సంక్రమించినది. పాత నూలు తొడుగు తీగెలను తీసివేసి, చేతికి దొరికిన యొకే రంగు తీగె నంతట వేయుట, తాళపత్ర గ్రంథమునకు నకలు వ్రాయుచు అధ్యాయముల పేర్లు తుడిచివేయుట వంటిది. తరువాత చదువువానికి దిక్కు తోచదు.

50 సంవత్సరములు దాటి, మూలరూపమున నిలిచిన బండ్లకు 2021లో భారత ప్రభుత్వము ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పఱచినది. మూలరూపము నందు మన ప్రభుత్వమున కున్న గౌరవము మన చేతిలోని స్పానరునకు కూడ నుండవలెను. గ్రంథ పరిష్కర్త వ్రాయసకాని తప్పును దిద్దును గాని కవి పాఠమును మార్చడు. పాత మీటరు కవి పాఠము. దాని వెనుక చేరిన రంగు పొర వ్రాయసకాని తప్పు. పలక మూగవోయినప్పుడు ముందుగా మీటరు విప్పక, విద్యుత్తు తిరిగివచ్చు త్రోవను వెదకుడు. పెక్కుమార్లు ఆ పాత మీటరే మరల నిజము చెప్పును.