ముక్తేశ్వర్ నుంచి చివరి మంద దాకా

రిండర్‌పెస్ట్ అనే పశురోగం భూమి మీద ఇక లేదని 2011లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించాయి. మశూచి తరవాత మనిషి పూనుకుని పూర్తిగా లేకుండా చేసిన రెండో వ్యాధి అది. పశువుల వ్యాధుల్లో ఇప్పటిదాకా అదొక్కటే. ఈ చరిత్రను సాధారణంగా టీకా విజయంగా చెబుతారు: శాస్త్రజ్ఞులు టీకా కనిపెట్టారు, పశువులకు వేశారు, రోగం పోయింది. అయితే మన దేశపు తేదీలు ఈ వరసకు లొంగవు. పనికొచ్చే టీకా 1930ల నాటికే చేతిలో ఉంది. 1954లో జాతీయ కార్యక్రమం మొదలైంది. చివరి కేసు నమోదైంది మాత్రం 1995లో, తమిళనాడులో. మందు దొరికాక కూడా రోగం అరవై ఏళ్లు ఎలా నిలిచింది? పశువుకు రోగనిరోధక శక్తి ఎలా ఇవ్వాలన్న ప్రశ్న దగ్గరే పరిశోధన, పాలన చాలాకాలం ఆగిపోవడమే దీనికి కారణమని నా వాదన. వైరస్ ఎక్కడ తలదాచుకుంటోందన్న ప్రశ్న వేసుకున్నాకే పని ముగింపుకొచ్చింది.

ఈ రోగం మందలో పడిందంటే రైతుకు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండేది కాదు. ముందు తీవ్రమైన జ్వరం, కళ్ల నుంచీ ముక్కు నుంచీ స్రావం, తరవాత నోట్లో పుళ్లు, ఆపైన కంపు కొట్టే విరేచనాలు. వారం పది రోజుల్లో పశువు నీరసించి చచ్చేది. దుక్కి, కపిల, బండి అన్నీ ఎద్దు మీదే నడిచిన రోజుల్లో ఎడ్లు పోవడమంటే ఆ ఏడు పొలం బీడు పడటమే. అందుకే వలస పాలకులు కూడా దీన్ని పన్ను రాబడికి వచ్చిన ముప్పుగానే చూశారు. పశువుల మహమ్మారి మీద వేసిన కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పూనాలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ వెలిసింది. ఆల్ఫ్రెడ్ లింగార్డ్ దాని తొలి అధిపతి. ప్రమాదకరమైన అంటురోగాన్ని జనానికీ మందలకూ దగ్గర్లో ఉంచుకుని పనిచేయడం మంచిది కాదని, 1893లో దాన్ని కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. ఏడు వేల అడుగులకు పైబడిన ఎత్తు, చుట్టూ అడవి, చల్లని గాలి. శీతల యంత్రాలు లేని కాలంలో ఆ చలి కూడా ఒక పరికరమే. దక్షిణాఫ్రికాలో ఈ రోగం మీదే పనిచేసిన రాబర్ట్ కాఖ్ 1897లో అక్కడికి వచ్చాడు. రోగంతో చచ్చిన పశువు పిత్తాన్ని ఆరోగ్యంగా ఉన్న పశువుకు ఎక్కించడం ఆయన పద్ధతి. 1899 నుంచి ముక్తేశ్వర్‌లో రోగం తట్టుకుని బతికిన పశువుల రక్తరసం, అంటే సీరం, తయారు కాసాగింది.

సీరం ఇచ్చే రక్షణ కొద్ది రోజులే. దాన్ని పొడిగించడానికి సీరంతో పాటే రోగమున్న పశువు రక్తాన్నీ ఎక్కించే పద్ధతి వచ్చింది. పశువు తేలికపాటి జబ్బుపడి జీవితాంతపు రక్షణ పొందేది. కాని ఎక్కించేది సజీవ వైరస్. పైగా ఆ రక్తంలో పిడుదుల ద్వారా వచ్చే పరాన్నజీవులు కూడా చేరి కొత్త జబ్బు తెచ్చేవి. రిండర్‌పెస్ట్ తెచ్చేది బాక్టీరియా కాదనీ, వడపోతలోంచి జారిపోయే సూక్ష్మకారకమనీ 1902లో కాన్‌స్టాంటినోపుల్‌లో నికోల్, ఆదిల్ బే తేల్చారు. ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ 1920లలో పరాన్నజీవుల చిక్కు వదిలించుకోవడానికి వైరస్‌ను ఎద్దుల్లో కాక మేకల్లో పెంచడం మొదలుపెట్టాడు. మేక నుంచి మేకకు వందల సార్లు ఎక్కించాక, అనుకోని లాభం ఒకటి బయటపడింది: వైరస్ ఎద్దు విషయంలో తన ఉగ్రతను చాలావరకు పోగొట్టుకుంది, రక్షణ ఇచ్చే గుణాన్ని మాత్రం పోగొట్టుకోలేదు. ఇక సీరం తోడు అక్కర్లేకుండా ఒక్క సూదితో పని జరిగేది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ రోజుల్లో, 1932లో రాణీపేటలో సీరం సంస్థ పుట్టింది. కొండ మీది ప్రయోగశాల పని దక్షిణాది పల్లెలకు చేరిన దారుల్లో అదొకటి.

1954లో మొదలైన కార్యక్రమం ఈ మేక టీకా మీదే నిలబడింది. పెద్ద ఎత్తున సూదులు పడ్డాయి, రోగం బాగా తగ్గింది. అక్కడిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కు ఏమిటంటే, తగ్గిన రోగం పోలేదు. దశాబ్దాల తరబడి అక్కడొక తాలూకాలో, ఇక్కడొక సంతలో పైకి లేస్తూనే వచ్చింది. దీనికి కారణం వైరస్ నడకలోనే ఉంది. దానికి ఎప్పటికప్పుడు రక్షణ లేని కొత్త పశువు కావాలి. అలాంటివి ఏటా పుట్టే దూడలు. టీకా పడిన తల్లి జున్నుపాలతో దూడకు కొన్నాళ్లు రక్షణ అందుతుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం దూడకు వేసిన టీకా పట్టదు, అది తీరిపోయే సరికి టీకా బృందం ఊరు దాటి వెళ్లిపోయి ఉంటుంది. రోడ్డు పక్క ఊళ్లలో ఒకే పశువుకు ఏటేటా సూది పడటం, మారుమూల ఊళ్లకూ తిరుగుడు మందలకూ అసలు పడకపోవడం మరో లోపం. దుక్కిటెడ్లు, కోత పశువులు సంత నుంచి సంతకు, జిల్లా నుంచి జిల్లాకు నడుస్తూ ఉంటే వైరస్ కూడా వాటితో నడిచింది. మేక టీకా సంకరజాతి ఆవుల్లో తీవ్రమైన ప్రతిచర్య తెచ్చేది. పాల ఉత్పత్తి కోసం అలాంటి ఆవులను పెంచుతున్న కాలంలో అది చిన్న విషయం కాదు. కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ 1960ల మొదట్లో సిద్ధం చేసిన కణవర్ధన టీకా ఈ ఒక్క ఇబ్బందినే తీర్చింది. మంచి టీకా వచ్చినంత మాత్రాన దూడల లెక్కా, సంతల దారులూ మారలేదు.

పైగా, అరకొర టీకా రోగాన్ని కనబడకుండా చేసింది. సగం మందకు రక్షణ ఉంటే పశువులు గుంపుగా చావవు. ఒకటో రెండో పడిపోతే ఊరివారు దాన్ని మరో రోగంగా తలుస్తారు. రక్తపరీక్ష చేసినా టీకా వల్ల వచ్చిన ప్రతిరక్షకాలేవో, రోగం వల్ల వచ్చినవేవో తేడా తెలియదు. దేశమంతా సూదులు పడుతుంటే దేశంలో వైరస్ ఉందో లేదో రుజువు చేయడమే అసాధ్యం. గొర్రెలు, మేకల సంగతి మరింత గజిబిజి చేసింది. దక్షిణాదిలో మందలు నోటిపుళ్లతో, విరేచనాలతో చస్తే రిండర్‌పెస్ట్ అనుకునేవారు. 1987లో తమిళనాడులోని అరసూరులో బయటపడిన రోగం పి.పి.ఆర్. అని తేలింది. మన కాపరులు పారుడు రోగం అనేది దీన్నే. దాని వైరస్ రిండర్‌పెస్ట్ వైరస్‌కు దగ్గరి చుట్టం. కాని అది వేరు. ఈ రెంటినీ విడదీసే పరీక్షలు లేకపోతే, గొర్రెల మంద చచ్చిన ప్రతిసారీ రిండర్‌పెస్ట్ తిరిగొచ్చిందనే భయం, ఆ భయంతో మళ్లీ టీకా, మళ్లీ చీకటి.

1992లో యూరోపియన్ కమ్యూనిటీ సాయంతో మొదలైన జాతీయ రిండర్‌పెస్ట్ నిర్మూలన పథకం ఈ చీకటినే లక్ష్యంగా పెట్టుకుంది. రోగం ఉన్న తీరును బట్టి దేశాన్ని మండలాలుగా విడదీశారు. రోగం పాతుకుపోయిన ద్వీపకల్ప రాష్ట్రాలు, అందులో ఆనాటి ఆంధ్రప్రదేశ్, గట్టి టీకా జరగాల్సిన మండలంలోకి వచ్చాయి. రోగం కనబడని చోట్ల టీకా ఆపి, వెతకడం మొదలుపెట్టారు. ఊరూరా తిరిగి నోటిపుళ్లు, విరేచనాలు, ఆకస్మిక మరణాల గురించి అడగడం, నమూనాలు తెచ్చి పరీక్షించడం, అనుమానం ఉన్న ప్రతిదాన్నీ పేరు పెట్టి తేల్చడం జరిగింది. 1995 తరవాత ఏమీ దొరకలేదు. 1998లో దేశం తాత్కాలికంగా రోగరహితమని ప్రకటించుకుంది. రోగం లేదన్న గుర్తింపు 2004లో, వైరసే లేదన్న గుర్తింపు 2006లో అంతర్జాతీయంగా వచ్చాయి. ఆ చివరి గుర్తింపుకు టీకా పడని పశువుల రక్తమే సాక్ష్యం. టీకా ఆపకపోయి ఉంటే ఆ సాక్ష్యం దొరికేదే కాదు.

నా వాదనకు మూడు అభ్యంతరాలు రావచ్చు. టీకా లేకుండా ఈ వెతుకులాట సాధ్యమయ్యేదా? కాదు. వేల చోట్ల మండుతున్న రోగాన్ని వెతకనక్కర్లేదు; దాన్ని పదుల చోట్లకు కుదించింది టీకాయే. నేనంటున్నది టీకా చాలదని, అక్కర్లేదని కాదు. రెండోది, రిండర్‌పెస్ట్ తేలిక శత్రువు కదా అనే వాదన: ఒకే రకపు వైరస్, కోలుకున్న పశువులో అది మిగలదు, రక్షణ జీవితాంతం నిలుస్తుంది. నిజమే. కాని ఆ గుణాలన్నీ 1954లోనూ ఉన్నాయి. నిర్మూలన ఎందుకు సాధ్యమో అవి చెబుతాయి, అంత ఆలస్యం ఎందుకైందో చెప్పవు. మూడోది డబ్బు. 1992 తరవాత నిధులు పెరిగిన మాట వాస్తవం. అయినా, ఆ నిధుల్ని పాత పద్ధతిలో మరిన్ని సూదులకే పోసి ఉంటే రక్తపరీక్ష ముందటిలాగే మూగబోయేది. టీకా ఆపాలంటే డబ్బు కన్నా ధైర్యం ఎక్కువ కావాలి: ఆపాక రోగం లేస్తే నింద అధికారి మీద పడుతుంది, వేస్తూ పోతే ఎవరి మీదా పడదు.

ఈ చరిత్ర నేటికీ పనికొస్తుంది. పారుడు రోగాన్ని 2030 నాటికి ప్రపంచంలో లేకుండా చేయాలన్న లక్ష్యం ఉంది. 2019లో మన ప్రభుత్వం 13,343 కోట్ల రూపాయలతో గాలికుంటు, బ్రుసెల్లోసిస్ నియంత్రణ కార్యక్రమం ఆమోదించింది. గాలికుంటు మరీ మొండిది: మన దేశంలో ఓ, ఎ, ఆసియా-1 అనే మూడు రకాల వైరస్‌లు తిరుగుతాయి, కోలుకున్న పశువు గొంతులో వైరస్ నెలల తరబడి ఉండగలదు. రిండర్‌పెస్ట్ పాఠాన్ని దానికి యథాతథంగా అంటించలేం. అయినా, ఎన్ని కోట్ల డోసులు వేశామన్నదాన్నే ప్రగతిగా లెక్కపెట్టే అలవాటు అక్కడా ఉంది. 1954 తరవాతి నాలుగు దశాబ్దాలు చెబుతున్నది ఇదే: వేసిన డోసుల పట్టీ పక్కనే, టీకా అందని దూడలు ఎక్కడున్నాయో, అనుమానపు చావుల్లో ఎన్నింటికి ప్రయోగశాల పేరు పెట్టగలిగిందో చెప్పే పట్టీ కూడా ఉండాలి. ఆ రెండో పట్టీ లేని కార్యక్రమం రోగాన్ని తగ్గించగలదు గానీ, అది పోయిందో లేదో చెప్పలేదు.