కాపలా పెట్టిందెవరు?

2012 జనవరి 14, శనివారం, భోగి. ఆలంపూర్‌లో తెల్లవారకముందే మంటలు లేచాయి. పండక్కి మీ స్నేహితుడి ఇంటికి వచ్చారు మీరు. వాకిట్లో కళ్లాపి ఇంకా తడిగానే ఉంది. మీ కంచంలో నువ్వులద్దిన సజ్జ రొట్టె, పక్కన కలగూర. రెండో రొట్టె తుంచబోతుంటే స్నేహితుడి చెల్లెలు గడప మీద నిలబడి తొందర పెడుతోంది.

"బిరాన కానీయన్నా. ఇట్లయితే మ్యాట్నీ గూడ దొరకదు."

వెంకటేశ్, త్రిష నటించిన 'బాడీగార్డ్' ఇవాళే విడుదల. నిన్ననే మహేశ్ 'బిజినెస్‌మేన్' వచ్చింది. రాత్రి అన్నాల దగ్గర రెంటికీ ఓట్లు పడ్డాయి. మీ స్నేహితుడు మహేశ్ వైపు. చెల్లెలు త్రిష వైపు. మీ ఓటుతో త్రిష గెలిచింది. సినిమాలంటే పెద్దగా పడని వాళ్లమ్మ (మీకు పెద్దమ్మ) కూడా పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. సోమవారం సోమవారం కూతుర్ని కర్నూలు కాలేజీకి తానే బస్సులో దిగబెట్టి వచ్చే మనిషి, పండగ పూట తాను లేకుండా పంపుతుందా?

"ముందు అమ్మవారికి మొక్కుదాం. సినిమా యాడికీ పోదు" అంటుంది పెద్దమ్మ. మారు మాట లేదు.

జోగులాంబ దర్శనమయ్యాక నవబ్రహ్మ గుడుల వైపు నడుస్తారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. పేర్లన్నీ బ్రహ్మవే, గుడులు మాత్రం శివుడివి. బాదామి చాళుక్యుల కాలపు ఎర్ర ఇసుకరాయి పొద్దుటెండకు వెచ్చబడుతోంది. వాకిలి పక్కన గద మీద చెయ్యి వేసి ద్వారపాలకుడు నిలబడ్డాడు. అదే ప్రాంగణంలో గోడల మీద, స్తంభాల మీద జంటలు. ఒకరి భుజం మీద ఒకరు వాలినవాళ్లు, చెవిలో ఏదో చెప్పుకుంటున్నవాళ్లు. పదమూడు వందల ఏళ్లుగా ఈయన డ్యూటీలో ఉన్నాడు, వాళ్లు సరసంలో ఉన్నారు. ఆయన మాత్రం మెడ తిప్పలేదు.

"పాపం, ఒక్కసారన్న పక్కకు సూడొచ్చు గదా" అంటుంది చెల్లెలు.

"సూస్తే ఉద్యోగం పోతది" అంటాడు అన్న.

బస్సు చౌరస్తా దాటి హైవే ఎక్కుతుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల కాబట్టి ఈ సీమను నడిగడ్డ అంటారు. తుంగభద్ర వంతెన మీదికి రాగానే బస్సులో మాటలు వరదల వైపు మళ్లుతాయి. 2009 అక్టోబరులో ఈ నది ఇటు ఆలంపూర్‌నీ అటు కర్నూలునూ కలిపి ముంచింది. వంతెన దిగితే రాయలసీమ.

కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు కనబడగానే మీకు 'ఒక్కడు' గుర్తొస్తుంది. 2003లో మహేశ్ ప్రకాశ్‌రాజ్‌ను కొట్టింది దీని ముందే. అప్పట్నుంచి తెరమీద ఈ బురుజు కనబడితే చాలు, సుమోలు వస్తాయని జనం సర్దుకుని కూచుంటారు. కాని ఆ పేరుగల కొండారెడ్డి మీరు పొద్దున బయల్దేరిన ఒడ్డువాడే. ఆలంపూర్ సీమను ఏలినవాడనీ, నవాబు ఆయన్ని ఈ బురుజులో బంధించాడనీ చెబుతారు. నది కిందుగా సొరంగంలో తప్పించుకుపోయాడని కూడా చెప్పుకుంటారు. సినిమాలో ఫ్యాక్షన్‌కు గుర్తయిన కోట అసలు ఒక ఖైదీ పేరు మోస్తోంది. బజారులో మాత్రం సుమోలు లేవు. చెరుకు గడలు, రేగుపళ్లు, గాలిపటాలు ఉన్నాయి.

థియేటర్ ముందు తోపులాట. పెద్దమ్మ ఆడవాళ్ల వరసలో దూరి టికెట్లు సాధిస్తుంది. లోపల దీపాలు ఆరుతాయి. వెంకటేశ్ కనబడగానే కాగితం ముక్కలు గాల్లోకి లేస్తాయి, ఒకటి మీ జుట్టులో చిక్కుకుంటుంది.

కథ ఇది. ప్రకాశ్‌రాజ్ పెద్దమనిషి, శత్రువులున్నవాడు. కూతురు త్రిషకు కాపలాగా వెంకటేశ్‌ను పెడతాడు. ఆయన కాలేజీకీ వస్తాడు, క్లాసుకూ వస్తాడు. స్వామిభక్తి ఎక్కువ, చూపు నేల మీద. విసిగిపోయిన పిల్ల గొంతు మార్చి, పేరు చెప్పకుండా ఫోన్ చేస్తుంది. ప్రేమిస్తున్నానంటుంది. ధ్యాస మళ్లితే తన వెంటపడటం తగ్గిస్తాడని ఆశ. ఆయన ఆ గొంతుకు పడిపోతాడు. ఆటపట్టించబోయిన పిల్లా నెమ్మదిగా పడిపోతుంది. ఏ మూల నుంచి కత్తి వస్తుందో పసిగట్టగలవాడికి, పక్కనున్న పిల్లే ఫోన్లో ఉందని తెలియదు. ముందు వరుస కుర్రాడు ఉండబట్టలేక అరుస్తాడు: "అన్నా, యెనక్కి తిరుగు!"

హాలంతా గొల్లుమంటుంది. గుళ్లో చెల్లెలు ద్వారపాలకుణ్ని అడిగిందీ ఇదే.

ఇంటర్వెల్లో సమోసా తింటూ మీరు లెక్కలోకి దిగుతారు. దర్శకుడు సిద్దిఖ్ 2010లో మలయాళంలో దిలీప్, నయనతారలతో తీసిన కథ ఇది. మరుసటేడే విజయ్‌తో తమిళంలో 'కావలన్', సల్మాన్‌తో హిందీలో 'బాడీగార్డ్' తానే తీశాడు. తెలుగులోకి గోపీచంద్ మలినేని తెచ్చాడు. అన్ని భాషల్లో అంత తేలిగ్గా ఇమిడిందంటే, కూతురికి కాపలా పెట్టాలనుకునే తండ్రి అన్ని ఊళ్లలో ఉన్నాడన్నమాట.

మనకూ ఇది కొత్త కాదు. 2007లో శ్రీను వైట్ల 'ఢీ'లో మంచు విష్ణు డాన్ శ్రీహరి దగ్గర పనికి చేరి, ఆ డాన్ చెల్లెలు జెనీలియాతోనే ప్రేమలో పడతాడు. డాన్‌కు తెలియకుండా ఆ ఇంట్లో అందరూ అబద్ధాలు అల్లుతుంటే మనకు నవ్వాగదు. 2010లో రాజమౌళి 'మర్యాద రామన్న' మరో మెట్టెక్కింది. బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ 'అవర్ హాస్పిటాలిటీ' దానికి మూలం. ఇంట్లో రక్తం చిందకూడదన్నది ఫ్యాక్షన్ పెద్ద నియమం. కాబట్టి సునీల్ గడప దాటితే చావు, లోపలుంటే మర్యాద. శత్రువు ఇల్లే ఆయనకు బాడీగార్డ్. ఆ ఇంటి కూతురు సలోని. ఇవాళ్టి సినిమాలో ఆమె త్రిషకు స్నేహితురాలు.

గంట మోగుతుంది. రెండో సగంలో నవ్వులు తగ్గి ముక్కులు చీదడం మొదలవుతుంది. పెద్దమ్మ కొంగు తడిసిందని చీకట్లోనూ మీకు తెలుస్తోంది.

తిరుగు బస్సులో నిలబడ్డానికే చోటుంది. వంతెన మీద బస్సు నెమ్మదించగానే మీ స్నేహితుడు తీర్పు చెబుతాడు. "తండ్రి అంత నమ్మితే వీడు కూతుర్ని ప్రేమిస్తాడా? నమ్మకద్రోహం గదా?"

పెద్దమ్మ కడ్డీ పట్టుకుని కొడుకు వైపు తిరుగుతుంది. "ద్రోహమేందిరా? ఆయప్ప కాపలాకు ఎట్లాంటోణ్ని యెతికినాడు? బలమున్నోణ్ని, తాగనోణ్ని, చెప్పిన మాట దాటనోణ్ని, పిల్ల మీద ఈగ వాలనీయనోణ్ని. అల్లుణ్ని యెతికేటప్పుడు మనం ఇంకేం యెతుకుతం? సంబంధం సూసింది ఆయప్పే. కట్నాలు మాట్లాడలేదు, అంతే."

కండక్టర్ టికెట్లు చింపడం ఆపి నవ్వుతాడు. చెల్లెలు మాత్రం నవ్వదు, కళ్లు చిన్నవి చేసి తల్లినే చూస్తుంది.

"అందుకేనా అమ్మా, నన్ను కాలేజీకి దింపనీకె ఆటో అన్నను గూడ పెట్టకుండ సోమవారం సోమవారం నువ్వే వస్తావు?"

"మరి? నీ డిగ్రీ అయ్యేదాంక ఏ సంబంధమూ సూడొద్దని మీ నాయిన చెప్పినాడు" అంటుంది పెద్దమ్మ.