కొబ్బరి చక్కెర, తాటిబెల్లం, పడిపోయిన ఒక ప్రభుత్వం

ఈమధ్య ఆర్గానిక్ షాపుల్లో "కోకోనట్ షుగర్" అని ఒకటి కనిపిస్తోంది. ధర పంచదారకి ఎన్నో రెట్లు. "హెల్దీ కదా" అని మన ఐటీ జనం కొనేస్తున్నారు. ఆరోగ్యం సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. అందులోనూ 70-80 శాతం సుక్రోజే, అంటే మామూలు పంచదారలో ఉండేదే. దీని వెనకున్న చరిత్ర మాత్రం తెలుసుకోదగ్గది.

జావా పల్లెల్లో కొబ్బరి పూగెల చెక్కి, కారిన రసం మరిగించి బెల్లం చెయ్యడం పాత అలవాటు. 1830లో డచ్ వాళ్ళు రైతుల పొలాల్లో కొంత భాగం ఎగుమతి పంటలకి ఇవ్వాల్సిందే అన్నారు. అలా పండిన చెరకు పంచదారగా మారి యూరప్ వెళ్ళింది. ఊళ్ళో వాళ్ళకి చెట్టు బెల్లమే మిగిలింది. తర్వాతి శతాబ్దంలో ఆ జావా పంచదారే మన మార్కెట్లో వచ్చి పడింది. దాన్ని ఆపడానికి 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం తెచ్చారు. నాలుగైదేళ్ళలో మన మిల్లులు వంద దాటాయి.

మరి మన చెట్ల సంగతి? మనకి తాడి, ఈత ఉన్నాయి. కుండకి లోపల సున్నం పూస్తే దిగేది నీరా, పూయకపోతే కల్లు. అదే చెట్టు, అదే మనిషి, తేడా అల్లా కాస్త సున్నం! 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. 1938లో అది చిత్తూరు, కడపలకి, 1948కి మద్రాసు రాష్ట్రమంతటికీ పాకింది. గీత కార్మికులకి చూపించిన దారి ఏంటంటే, కల్లు మానేసి బెల్లం చెయ్యండి అని. గాంధీ కూడా తాటిబెల్లాన్ని గ్రామ పరిశ్రమగా ప్రోత్సహించారు.

వినడానికి బానే ఉంది. కానీ లెక్క చూడండి. కేజీ బెల్లానికి ఏడెనిమిది లీటర్ల రసం కావాలి. దాన్ని గంటల తరబడి మరిగించాలంటే కట్టెలు కావాలి. కల్లయితే దించగానే డబ్బులు. పైగా పోటీ ఎవరితో? రోజుకి వందల టన్నుల చెరకు ఆడే మిల్లుతో. మన భాషలో చెప్పాలంటే ఇది స్కేల్ అవ్వదు.

చివరికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున ఉద్యమం నడిపారు. నిషేధం ఎత్తెయ్యమన్న రామమూర్తి కమిటీ సిఫార్సుని ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. చెట్టెక్కే వాడి కూడు గురించి పైవాళ్ళు వేసిన లెక్క తప్పితే అలా ఉంటుంది మరి.

ఇప్పుడు చెట్టు బెల్లానికి మంచి ధర పలుకుతోంది, మంచిదే. కానీ మోకు కట్టుకుని ప్రాణాలకి తెగించి రోజూ చెట్టెక్కే వాడికి అందులో ఎంత ముడుతోంది? ప్యాకెట్ మీద గ్లైసీమిక్ ఇండెక్స్ రాస్తారు గానీ అది మాత్రం రాయరు. షుగర్ వ్యాధి తగ్గుతుందని కొంటే డబ్బులు దండగ. గీసిన వాడికి దక్కుతుందని తెలిస్తే మాత్రం నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఏమంటారు?