సర్పంచి నుంచి మేయర్ దాకా: మన బోడుప్పల్ కథ

బోడుప్పల్‌కు మేయర్ పదవి ఉన్నది ఆరేళ్లే. 2019లో వచ్చింది, 2025లో పోయింది. ఆ ఆరేళ్లలో కార్పొరేషన్ పేరు మీద మనం బూత్‌కు వెళ్లి ఓటేసింది ఒకే ఒక్కసారి. ఈ స్వర్ణోత్సవ సంచికలో గురువుల గురించి, ఆటస్థలం గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు కనుక నేను ఊరి పాలన కథ రాస్తానని సంపాదక మిత్రులకు చెప్పాను. మనం చదువుకున్న ఊరు ఎన్నిసార్లు పేరు మార్చుకుందో, ఆ మార్పుల్లో మన ఓటు ఎటు జరిగిందో మన తర్వాతి బ్యాచ్‌లవాళ్లకు తెలియాలి.

నేను బడిలో చేరినప్పుడు మన ఊరు హైదరాబాద్ జిల్లాలో ఉండేది. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. నోటుపుస్తకాల అట్టల మీద జిల్లా పేరు కొట్టేసి కొత్త పేరు రాసుకున్నాం. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చాం. ఇల్లు కదల్లేదు గానీ జిల్లాలు మాత్రం మూడయ్యాయి.

అప్పట్లో ఉప్పల్ దాటితే వరంగల్ రోడ్డుకు రెండు పక్కలా పొలాలే. హబ్సిగూడలో ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి., కుషాయిగూడ వైపు ఇ.సి.ఐ.ఎల్., ఉప్పల్ పారిశ్రామికవాడ ఉండటంతో ఉద్యోగులు దగ్గర్లో చవకగా దొరికే స్థలాల కోసం ఇటు చూశారు. పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లు కాలనీలయ్యాయి. బోరు వేసుకుని, సెప్టిక్ ట్యాంక్ కట్టుకుని జనం ఇళ్లలో చేరిపోయారు. రోడ్డు, మంచినీళ్లు, మురుగు కాలువ మాత్రం తర్వాత రావాల్సినవిగా మిగిలాయి. 2017 నవంబరులో మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నాగోలు దాకా వచ్చేసరికి ఆ వేగం ఇంకా పెరిగింది.

ఇంత పెరిగిన చోట పాలన ఎవరిది? గ్రామ పంచాయతీ రోజుల్లో ఆ ప్రశ్నకు సమాధానం తేలిక. సర్పంచిది. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద సర్పంచిని ఊరి ఓటర్లే నేరుగా ఎన్నుకునేవారు. నల్లా రాకపోతే ఎవరి గుమ్మం ఎక్కాలో అందరికీ తెలుసు.

పక్కనున్న మహానగరంలో సంగతి వేరు. 2002లో హైదరాబాద్ మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు, తీగల కృష్ణారెడ్డి గెలిచారు. ఆ ఓటు నగర సరిహద్దు దాకానే. కూకట్‌పల్లి, ఎల్.బి. నగర్ మునిసిపాలిటీల జనాభా 2001 లెక్కల నాటికే రెండున్నర లక్షలు దాటినా మేయర్ ఎంపికలో వాళ్లకు భాగం లేదు. 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్, కాప్రా, మల్కాజిగిరితో సహా 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు నగరంలో కలిసి జి.హెచ్.ఎం.సి. అయ్యాయి. 2009లో దానికి మొదటి ఎన్నికలు జరిగే నాటికి పద్ధతి మారిపోయింది. 150 డివిజన్ల కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి మేయర్‌ను ఎన్నుకున్నారు. శివారు నగరంలో చేరే వేళకు నేరుగా మేయర్‌కు వేసే ఓటు లేదు.

ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు ఐదేళ్ల పదవీకాలం, మహిళలకు మూడో వంతు తగ్గకుండా రిజర్వేషన్ ఇచ్చింది. అధ్యక్షుడిని ఎలా ఎన్నుకోవాలన్నది మాత్రం రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది. అందుకే ప్రభుత్వం మారితే పద్ధతీ మారుతుంది.

మన వంతు 2016లో మొదలైంది. బోడుప్పల్, చెంగిచెర్ల కలిసి మునిసిపాలిటీ అయ్యాయి. 2019లో పీర్జాదిగూడ, నిజాంపేట, జవహర్‌నగర్, మీర్‌పేట, బడంగ్‌పేట, బండ్లగూడ జాగీర్‌లతో పాటు మనదీ కార్పొరేషన్ అయింది. 28 డివిజన్లు. 2020 జనవరి 22న బ్యాలెట్ కాగితాలతో పోలింగ్, 25న లెక్కింపు, 27న మేయర్ ఎన్నిక.

ఆ ఎన్నికల్లో మనకు రెండేళ్ల సీనియర్ ఒకాయన నిలబడ్డారు. కార్పొరేటర్ కావాలన్న ఆశ కన్నా మేయర్ కావాలన్న ఆశే ఆయనకు ఎక్కువ. చెరువుల్లోకి మురుగు వెళ్లకుండా ఏం చెయ్యాలో, ఏ కాలనీ వాన నీరు ఎటు పారుతుందో ఊరంతటి పటం కాగితం మీద గీసి పెట్టుకున్నారు. ఆయనతో నేనూ నాలుగు రోజులు తిరిగాను. పాత ఊళ్లో ఒక పెద్దావిడ కరపత్రం తీసుకుని, "సర్పంచికి ఏసినట్టు మేయర్‌కు ఏ గుర్తు మీద గుద్దాలె బిడ్డా?" అని అడిగింది. "మేయర్‌కు వేరే ఓటు లేదు పెద్దమ్మా, నన్ను కార్పొరేటర్‌ను చేస్తే తర్వాత అక్కడ చూస్తరు" అన్నారాయన. "మరి మేయర్ సంగతి నన్నెందుకు అడుగుతున్నవ్?" అన్నదామె. మా దగ్గర జవాబు లేదు.

కాలనీల్లో ఎవరూ ఊరి పటం గురించి అడగలేదు. మా గల్లీ రోడ్డు, మా ఇంటి ముందు కాలువ, మా వీధి లైటు... అడిగినవన్నీ ఇవే. అందులో వాళ్ల తప్పు లేదు, ఓటు ఒక్క డివిజన్‌కే కదా! ఊరంతా తెలిసిన మనిషి తన డివిజన్‌లో ఓడిపోయారు. మేయర్ మాట అక్కడితో ముగిసింది.

పరోక్ష పద్ధతిలో మంచీ ఉంది. సభలో మెజారిటీ ఉన్నవారే మేయర్ అవుతారు కనుక తీర్మానాలు ఆగవు. నేరుగా గెలిచిన మేయర్‌కు సభలో బలం లేకపోతే పనులు సాగడం కష్టం. కానీ రెండో వైపూ చూడాలి. 2024లో శివారు కార్పొరేషన్లలో కొన్నిచోట్ల అవిశ్వాస తీర్మానాలతో మేయర్లు మారారు. ఓటర్లను మళ్లీ ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ చట్టంలో లేదు.

2025 జనవరిలో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలను జి.హెచ్.ఎం.సి.లో కలిపేశారు. వాటిలో మనదీ ఒకటి. ఊరు పెరిగిందని కార్పొరేషన్ ఇచ్చారు. ఇంకా పెరిగిందని తీసేశారు. పెద్ద సంస్థకు నిధులు, యంత్రాలు, ఇంజినీర్లు ఎక్కువ. మురుగు కాలువకు ఊరి సరిహద్దు తెలియదు కనుక అందరూ కలిసి కట్టుకుంటేనే అది సాగుతుంది. ఇవి నిజమైన లాభాలే. కానీ సర్పంచి గుమ్మానికి నడిచి వెళ్లిన మనిషికి ఇప్పుడు మేయర్ కార్యాలయం చాలా దూరం. ఆ దూరాన్ని తగ్గించే ఏర్పాటు ఏ విలీన ఉత్తర్వూ తనంతట తాను చెయ్యదు.

ఆ పని మనలాంటివాళ్లది. పూర్వ విద్యార్థుల సంఘానికి నా మనవి ఒకటే. పంచాయతీ నాటి కాగితాలు, కాలనీ లేఅవుట్ ప్రతులు, 2020 నాటి కరపత్రాలు ఎవరి ఇంట్లో ఉన్నా మన బడి గ్రంథాలయానికి ఇవ్వండి. మన సీనియర్ తన పటం ఇప్పటికే ఇచ్చారు. రేపు మన ప్రాంతానికి కార్పొరేటర్‌గా ఎవరు నిలబడినా, ఏ పార్టీవారైనా, వాళ్లను ఆ పటం ముందు కూర్చోబెట్టి ఈ కాలువ ఎక్కడ కలుస్తుంది, ఈ చెరువు ఎవరి బాధ్యత అని అడుగుదాం. మేయర్‌కు ఓటు మన చేతిలో లేకపోయినా ప్రశ్న మన చేతిలోనే ఉంది. అది అడగడం మనకు నేర్పింది ఈ బడే.