మందు మానితే వచ్చే బాధ: అరవై ఏళ్ల సస్పెన్స్ ఖాతా

మన హేతువాదులకు బాగా అలవాటైన మాట ఒకటుంది. "అదంతా మనసు చేసే పని." దెయ్యం పట్టిందన్నవాడికీ, తాయెత్తుతో నయమైందన్నవాడికీ మనం చెప్పే జవాబు ఇదే. చాలాసార్లు అది సరైన జవాబే. కానీ ఒకచోట ఆ మాట వాడి నేను తప్పు చేశాను. ఆ తప్పు వెనక ఉన్న చరిత్రే ఈ వ్యాసం.

ఉద్యోగంలో ఉండగా మా సెక్షన్‌లో ఒకాయన, డిప్రెషన్ మందు మానేశాక తల తిప్పితే లోపల కరెంటు షాకు కొట్టినట్టుంటోందని చెప్పాడు. "మందు మీద బెంగ పెట్టుకున్నారండీ, అంతే" అన్నాను. ఆయన మళ్లీ ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు.

రిటైరయ్యాక ఆ జబ్బు నాకే వచ్చింది. మూడేళ్లు పారాక్సెటిన్ వాడాను. తర్వాత ఒక డాక్టరు గారు, అది ఈ రోజుతో ఆపేసి రేపటి నుంచి మిర్టజపిన్ వేసుకోమన్నారు. మూడో రోజుకి కళ్లు పక్కకి తిప్పితే చాలు, తలలో చిన్న షాకు. కడుపులో తిప్పడం, ఒళ్లంతా చెమటలు, చిన్న మాటకే ఏడుపు. మా అక్కయ్య ఫోన్ చేసి "ఒరేయ్, ఒక్కసారి దిష్టి తీయించుకోరా, నీ నమ్మకాలు తర్వాత చూసుకుందువు గాని" అంది. మన సంఘం మిత్రుడొకాయన "ఏమండీ, మీరు కూడా ఇలా మాట్లాడితే ఎలా? అది మీ భయం" అన్నారు. నేను వేరొకరికి చెప్పిన మాటే నాకు తిరిగొచ్చింది.

సరే, అసలు విషయానికి వద్దాం.

ఈ మందుల కథ 1950లలో మొదలైంది. 1952లో అమెరికాలోని స్టాటెన్ ఐలాండ్‌లో, సీ వ్యూ ఆసుపత్రి క్షయ రోగులకి ఇప్రోనియాజిడ్ ఇస్తే వాళ్లలో ఉత్సాహం పెరగడం వైద్యులు గమనించారు. స్విట్జర్లాండ్‌లోని మున్‌స్టర్‌లింగెన్ ఆసుపత్రిలో రోలాండ్ కూన్ అనే మనోవైద్యుడు ఇమిప్రమిన్‌ను పరీక్షించి 1957లో ఫలితాలు ప్రకటించాడు. క్షయ మందు కోసం వెతుకుతుంటే ఒకటి, స్కిజోఫ్రెనియా మందు కోసం వెతుకుతుంటే మరొకటి. రెండూ అనుకోకుండా దొరికినవే.

ఇక్కడ గమనించాల్సింది తేదీలు. మందు గురించి ప్రకటించింది 1957లో. ఇమిప్రమిన్ ఆపితే బాధలొస్తాయన్న వైద్య నివేదికలు 1959కే అచ్చయ్యాయి. 1961లో క్రామర్, క్లైన్, ఫింక్ అనే ముగ్గురు అమెరికన్ మనోవైద్య పత్రికలో ఇదే విషయంపై వ్యాసం రాశారు. అంటే మందు పుట్టిన నాలుగేళ్లలోపే దాని ఖర్చు పద్దు కూడా పుస్తకాలకెక్కింది. ఎవరికీ తెలియదనడానికి వీల్లేదు.

మా శాఖలో ఏ పద్దు ఏ ఖాతా కిందికి వస్తుందో తేలకపోతే సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అది తాత్కాలికం, త్వరగా తేల్చాలి. కానీ తేల్చే మనిషి లేకపోతే ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటుంది. ఈ బాధల పద్దుకీ అదే గతి పట్టింది.

1987 డిసెంబరులో ఫ్లూఆక్సెటిన్ (ప్రోజాక్) అమెరికాలో అనుమతి పొందింది. తర్వాత కొద్ది ఏళ్లలోనే సెర్ట్రలిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వచ్చాయి. ఇవి ఒంట్లో ఉండే కాలంలో చాలా తేడా ఉంది. పారాక్సెటిన్ సుమారు 21 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. వెన్లాఫాక్సిన్‌కి 5 గంటలు, దాని నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థానికి 11 గంటలు చాలు. ఫ్లూఆక్సెటిన్, దాని నుంచి పుట్టే పదార్థం మాత్రం పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. అందుకే అది ఆపినా దానంతటదే మెల్లగా దిగుతుంది.

ఈ తేడాని మొదట గట్టిగా పట్టుకున్నది ఫ్లూఆక్సెటిన్ తయారుచేసిన ఎలీ లిల్లీ కంపెనీయే. 1996 డిసెంబరులో ఆ కంపెనీ ఖర్చుతో నిపుణుల సమావేశం జరిగింది. అక్కడి నుంచి ఈ బాధలకి "డిస్‌కంటిన్యుయేషన్ సిండ్రోమ్" అనే పేరు బాగా వాడుకలోకి వచ్చింది. "విత్‌డ్రాయల్" అంటే జనానికి సారా, నల్లమందు గుర్తొస్తాయి కదా! 1998లో అదే కంపెనీ డబ్బుతో 242 మంది మీద పరీక్ష జరిగింది. వాళ్లకి కొద్ది రోజులు, చెప్పకుండా, మందు బదులు ఉత్తుత్తి మాత్రలిచ్చారు. పారాక్సెటిన్ వాళ్లు ఎక్కువ బాధపడ్డారు, ఫ్లూఆక్సెటిన్ వాళ్లకి దాదాపు ఏమీ కాలేదు.

దీన్ని కంపెనీల కుట్ర అని తేల్చేసేవాళ్లున్నారు. నేను అలా అనను. పోటీదారుడి లెక్కల్లో తప్పు పట్టడం లాభం కోసమే అయినా, పట్టిన తప్పు నిజమే. రోగికి ఏ మాత్ర వేశారో తెలియకుండా చేసిన పరీక్ష కాబట్టి "అది నీ భయం" అనే జవాబు అక్కడ చెల్లదు.

బ్రిటన్‌లో 2002 అక్టోబరులో బీబీసీ పనోరమా కార్యక్రమం పారాక్సెటిన్ మీద వచ్చాక వేలమంది తమ అనుభవాలు చెప్పుకున్నారు. 2003లో ఆ మందు తయారీదారు, ఆపినప్పుడు బాధలు వచ్చే అవకాశం అంచనాని 0.2 శాతం నుంచి 25 శాతానికి సవరించింది. అంటే 125 రెట్లు! నా ఉద్యోగ జీవితంలో ఏ యూనిటైనా ఇలాంటి సవరణ పద్దు పంపి ఉంటే వివరణ రాకుండా పాస్ చేసేవాణ్ణి కాదు.

అయినా 2004లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు, ఈ బాధలు మామూలుగా తేలికపాటివని, వారంలో సర్దుకుంటాయని, హఠాత్తుగా ఆపితే మాత్రం తీవ్రం కావచ్చని రాశాయి. డాక్టర్లకి మొదటి సగమే గుర్తుండిపోయింది. 2019 మే నెలలో అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ తన వైఖరి మార్చుకుంది. అక్టోబరులో నైస్ కూడా, కొందరికి బాధలు ఎక్కువకాలం, ఎక్కువ తీవ్రంగా ఉండొచ్చని సవరించింది. 1959 నుంచి 2019 దాకా, సరిగ్గా అరవై ఏళ్లు.

ఇక ఎంతమందికి వస్తుంది? 2019లో డేవిస్, రీడ్ సగటున 56 శాతం అన్నారు. అందులో స్వచ్ఛందంగా జవాబిచ్చిన ఇంటర్నెట్ సర్వేలు కూడా కలిశాయి. బాధపడ్డవాడే ఎక్కువగా జవాబిస్తాడు కాబట్టి ఆ అంకె పెరిగి ఉండొచ్చు. 2024లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన సమీక్ష 79 అధ్యయనాలు, 21,002 మంది రోగుల లెక్కలు తీసింది. అసలు మందు ఆపినవాళ్లలో 31 శాతానికి బాధలు. ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్లలో 17 శాతానికి. తీసివేస్తే మందు వల్ల వచ్చింది సుమారు 15 శాతం, అంటే ఆరేడుగురిలో ఒకరు. తీవ్రమైన బాధలు సుమారు 35 మందిలో ఒకరికి.

ఈ లెక్క ఇద్దరి నోళ్లూ మూయిస్తుంది. "అంతా మనసు పని" అనేవాళ్లకి ఆ 15 శాతం జవాబు. "అంతా మందు విషం" అనేవాళ్లకి ఆ 17 శాతం జవాబు. అయితే ఏళ్ల తరబడి వాడినవాళ్లు ఇలాంటి పరీక్షల్లో తక్కువ. మన ఇళ్లలో ఉన్నవాళ్లు ఎక్కువగా వాళ్లే.

దీన్ని వ్యసనం అనడం తప్పు. ఇంకా కావాలన్న యావ గాని, మోతాదు పెంచుకుంటూ పోవడం గాని ఇందులో లేవు. రక్తపోటుకి వాడే క్లోనిడిన్ హఠాత్తుగా ఆపితే బీపీ ఎగదన్నుతుంది. ఆ రోగిని ఎవరూ తాగుబోతు పక్కన నిలబెట్టరు కదా. మందుకి అలవాటుపడి సర్దుకున్న శరీరం, అది లేకుండా తిరిగి సర్దుకోవడానికి కాలం తీసుకుంటుంది. అంతే.

నేను మారిన కొత్త మందు నన్నెందుకు కాపాడలేదో కూడా తర్వాత తెలిసింది. పారాక్సెటిన్ సెరటోనిన్‌ని కణాలు తిరిగి పీల్చుకోకుండా ఆపుతుంది. మిర్టజపిన్ ఆ పని చేయదు, దాని దారి వేరు. అలాంటప్పుడు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచడం ఒక పద్ధతి. కానీ కొన్ని మందుల్ని అలా కలపకూడదు. ఫ్లూఆక్సెటిన్ ఆపి ఎంఏఓఐ అనే పాత రకం మందు మొదలుపెట్టాలంటే కనీసం 5 వారాలు ఆగాలి. అందుకే ఇది సొంతంగా చేసే లెక్క కాదు.

రెండో డాక్టరు గారు నా మాట పూర్తిగా విన్నారు. మూడు ప్రశ్నలడిగారు. ఆపిన ఎన్ని రోజులకి మొదలైంది? ఈ షాకులు మొదటి జబ్బులో ఉన్నాయా? పాత మాత్ర వేసుకుంటే ఎంతలో తగ్గుతోంది? జబ్బు తిరగబెడితే సాధారణంగా వారాల మీద, పాత లక్షణాలతోనే వస్తుంది. ఇది రోజుల్లో, కొత్త లక్షణాలతో వచ్చి, పాత మాత్రతో త్వరగా తగ్గుతుంది. నాకు పాత మందు మళ్లీ మొదలుపెట్టించి, ఎనిమిది నెలల్లో మెల్లగా దించారు.

ఎలా దించాలన్నదాంట్లో నాలాంటి బీకాం వాడికి నచ్చే సంగతి ఒకటుంది. సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాములు మెదడులోని సెరటోనిన్ ద్వారాల్లో సుమారు 80 శాతాన్ని మూసేస్తుంది. మోతాదు 9కి తగ్గించినా 70 శాతం మూసే ఉంటాయి. 5 దాటాక మాత్రం జారుడుబల్లే. కాబట్టి 20, 15, 10, 5, సున్నా అని సమాన వాయిదాల్లో దిగితే చివరి మెట్టే అన్నిటికంటే ఎత్తు. 2019లో హొరోవిట్జ్, టేలర్ ఇది వివరించారు. 2022 నాటి నైస్ మార్గదర్శకాలు, ప్రతి దశలో అప్పటి మోతాదులో కొంత వంతు చొప్పున తగ్గించమన్నాయి. తరుగుదల లెక్కల్లో మనం చదువుకున్న తగ్గుతున్న నిల్వ పద్ధతే! దీన్ని పూర్తిగా తేల్చే పెద్ద పరీక్షలు ఇంకా జరగాలి.

మన దేశం సంగతి. 1970 పేటెంట్ చట్టం వల్ల ఈ మందులు ఇక్కడ చవకయ్యాయి. 2001 ఆగస్టులో ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల జెనరిక్‌ని అమెరికాలో 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమ్మింది మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్. సంతోషించాల్సిందే. కానీ మన మందుల షాపులో స్ట్రిప్ కత్తిరించి పది మాత్రలిస్తారు, జాగ్రత్తల కాగితం చేతికి రాదు. ఊరెళ్లినప్పుడు మాత్రలు అయిపోతే నాలుగు రోజులు ఊరుకుంటాం. తర్వాత వచ్చిన బాధకి కారణం గాలి అనీ, గ్రహం అనీ ఎవరో చెబుతారు. కారణం చెప్పాల్సిన చోట మనం "మనసు పని" అని తప్పుకుంటే, ఆ రోగి వెళ్లేది బాబాల దగ్గరికే.

ఇది చదివి ఎవరూ మందు ఆపేయకండి. 2021లో బ్రిటన్‌లో 478 మందితో చేసిన పరీక్షలో, ఏడాది లోపల జబ్బు తిరగబెట్టింది మందు కొనసాగించినవాళ్లలో 39 శాతానికైతే, మాన్పించినవాళ్లలో 56 శాతానికి. నాకు ఈ మందు మేలే చేసింది. మేలుని జమ వైపు రాసినట్టే ఖర్చుని ఖర్చు వైపు రాయమంటున్నాను.

పోయిన నెల ఆ పాత సహోద్యోగికి ఫోన్ చేసి, ఆనాడు నేనన్న మాట తప్పని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా ఇంట్లో వాళ్లు కూడా నమ్మలేదండీ" అన్నాడు.