ఒక్క భ్రమణపు విలువ

కంప్యూటరు వేగము దానిని నిర్మించినవారి చేతిలోనే యున్నదని మనము తలంతుము. ఆదేశములు వ్రాసినవారి నేర్పునకును అందు పాలు కలదని తొలితరము ప్రోగ్రామర్లు ఎరుగుదురు.

ఐ.బి.ఎం. సంస్థ 1953లో ప్రకటించిన 650 యంత్రమునే తీసికొందము. దాని స్మృతి, నిమిషమునకు 12,500 మారులు తిరుగు అయస్కాంతపు డ్రమ్ము. దానిపై 40 పట్టీలు. పట్టీకి 50 చొప్పున 2,000 పదములు. ఒక భ్రమణమునకు 4.8 మిల్లీసెకండ్లు పట్టెడిది. ఆదేశములను వరుస స్థానములలో వ్రాసినచో, మొదటి పని ముగియులోపలనే రెండవ ఆదేశము చదివెడి హెడ్డును దాటిపోయెడిది. రేవులో పడవ తప్పిన బాటసారివలె యంత్రము మరల అది వచ్చువరకు వేచియుండవలసినదే.

అందుచే ప్రతి ఆదేశములోను తరువాతి ఆదేశపు చిరునామా వ్రాయు ఏర్పాటుండెను. ప్రోగ్రామరు ఒక్కొక్క పనికి పట్టు కాలమును గణించి, అది ముగియు క్షణమునకు హెడ్డు క్రిందికి వచ్చు స్థానమున తరువాతి ఆదేశము నుంచెడివాడు. యంత్రములో ఒక్క మరయైనను మార్చకయే పని త్వరపడెడిది. కాని నడుమ ఒక్క ఆదేశము చేర్చవలసివచ్చినచో ఆ అమరిక యంతయు చెదరెడిది. 1955లో స్టాన్ పోలీ రచించిన సోప్ అను ప్రోగ్రాము ఈ శ్రమను యంత్రమునకే అప్పగించినది.

విద్యార్థిదశలో కేస్ విద్యాసంస్థలో ఈ యంత్రముపై పని నేర్చిన డొనాల్డ్ నూత్, 1968లో వెలువడనారంభించిన తన గ్రంథమాలను ఆ 650 యంత్రమునకే అంకితమిచ్చెను.

డ్రమ్ము పోయినది, స్మృతికై నిరీక్షణ నేటి ప్రాసెసరులకును తప్పలేదు. ఆ పెద్దల లెక్క నేటికిని పనికివచ్చుచునే యున్నది.